పిల్లుల వైద్యానికి అంకితమైన నీల్స్ పెడర్సన్

సభాధ్యక్షులకు, గురువులకు, రేపటి పశువైద్యులైన విద్యార్థులకు నమస్కారం.

మన చదువులో ఆవు, గేదె, గొర్రె, కోడి ముందుండటం సహజమే, రైతు బతుకు వాటి మీద ఆధారపడి ఉంది. ఆ తరువాతి చోటు కుక్కది. పిల్లి దగ్గరికి వచ్చేసరికి మాత్రం, మన దేశంలోనే కాదు, చాలాచోట్ల కుక్కకు చేసే వైద్యాన్నే మోతాదు తగ్గించి చేస్తూ వచ్చారు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ బిళ్ల ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు, ఎందుకంటే ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. పిల్లి శరీరధర్మం వేరని గుర్తించి, దాని జబ్బుల మీదే ఉద్యోగ జీవితాన్ని వెచ్చించిన వైద్యుల్లో డాక్టర్ నీల్స్ పెడర్సన్‌ది నా దృష్టిలో మొదటి వరుస.

ఆయన 1967లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో పశువైద్య పట్టా పొంది, ఆస్ట్రేలియాలో రోగనిరోధక శాస్త్రంలో పరిశోధన చేసి, తిరిగి డేవిస్‌కే వచ్చి స్థిరపడ్డారు. పెటలూమా అనే ఊళ్లో ఒకచోట పెరుగుతున్న పిల్లులు ఒకదాని తరువాత ఒకటి చిక్కిపోతుంటే, 1986లో ఆయన బృందం వాటి రక్తంలో ఎయిడ్స్ వైరస్‌ను పోలిన ఎఫ్‌ఐవీ అనే పిల్లుల వైరస్‌ను కనిపెట్టింది. ఒక మనిషి పేరు నిలవడానికి అదొక్కటీ చాలు. కానీ ఆయనను దశాబ్దాల పాటు వదలనిది పిల్లుల ప్రాణం తీసే మరో జబ్బు, ఎఫ్‌ఐపీ (ఫెలైన్ ఇన్‌ఫెక్షియస్ పెరిటోనైటిస్).

దీన్ని 1963లో బోస్టన్‌లోని ఏంజెల్ మెమోరియల్ ఆసుపత్రి వైద్యురాలు జీన్ హోల్జ్‌వర్త్ తొలిసారి వర్ణించారు. లాటిన్‌లో డాక్టరేట్ చేసి, ఆపైన పశువైద్యంలోకి వచ్చిన ఆమె గురించి వేరే సభే పెట్టుకోవాలి. ఈ జబ్బు ఎక్కువగా రెండేళ్లలోపు పిల్లులకు వస్తుంది. యాంటీబయాటిక్‌కు లొంగని జ్వరం, చేతికి తగిలే వెన్నెముక, ఉబ్బిన పొట్ట. సూదితో తీస్తే పసుపుపచ్చని జిగట ద్రవం తీగలా సాగుతుంది. స్వేదనజలంలో ఒక చుక్క ఎసిటిక్ ఆమ్లం కలిపి, దాని మీద ఈ ద్రవం ఒక చుక్క వదిలితే, కరగకుండా ఆకారం నిలుపుకుని మెల్లగా కిందికి దిగుతుంది. ఇదే రివాల్టా పరీక్ష. దీనితోనే జబ్బు ఖాయం కాదు గానీ, చుక్క కరిగిపోతే ఎఫ్‌ఐపీ కాదనడానికి గట్టి ఆధారం దొరుకుతుంది.

పిల్లుల పేగుల్లో మామూలుగా ఉండి పెద్దగా హాని చేయని కరోనావైరస్, కొన్నింటి ఒంట్లోనే మార్పు చెంది, రోగకణాలను మింగాల్సిన మాక్రోఫేజ్‌లలోనే కాపురం పెట్టడం ఈ జబ్బుకు మూలమని పెడర్సన్, ఆయన సహచరులు చూపారు. అప్పటికే ఒంట్లో ఈ వైరస్ మీద ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఉన్న పిల్లికూనలకు జబ్బు ఇంకా వేగంగా ముదురుతుందని కూడా ఆయన పరిశోధనలోనే తేలింది. టీకా పుట్టించేదీ ప్రతిరక్షకాలనే కనుక, ఆ దారి ఎందుకంత కష్టమైందో దీన్నిబట్టి అర్థమవుతుంది. అందుకే ఆయన వైరస్‌ను నేరుగా అడ్డుకునే మందుల వైపు మళ్లారు.

2019లో వెలువడిన ఆయన అధ్యయనంలో, సహజంగా జబ్బు సోకిన 31 పిల్లులకు జీఎస్-441524 అనే మందును రోజుకొకసారి చర్మం కింద ఇచ్చారు. నాలుగు తొలిరోజుల్లోనే, మరొకటి 26 రోజులకు పోయాయి, మిగిలిన 26 పిల్లులు కనీసం 12 వారాల చికిత్స పూర్తి చేశాయి. సూది మందు మంట పుట్టించేది, కొన్నింటికి సూది పడినచోట పుండ్లు పడ్డాయి. అయినా పెంచుకునేవారు ఇంట్లో తామే సూది వేస్తూ వచ్చారు. అంతకుముందు దాదాపు ప్రతి పిల్లీ చనిపోయే జబ్బిది!

2021లో కోవిడ్ రోగుల కోసం మన ఇళ్లల్లో ఎందరో రాత్రింబవళ్లు వెతికిన రెమ్‌డెసివిర్, హైదరాబాద్‌లోని హెటెరో సంస్థ కూడా తయారుచేసిన మందు, రక్తంలో చేరాక మారేది ఈ జీఎస్-441524గానే. రెండూ గిలియడ్ అనే అమెరికా మందుల సంస్థవే. జంతువుల వాడకానికి ఆ సంస్థ అనుమతివ్వకపోవడంతో, ఏళ్ల తరబడి జనం చైనా నుంచి వచ్చే అనధికారిక సీసాలతోనే పిల్లులను బతికించుకున్నారు. మందు ఉందని తెలిసీ అందని ఆ కాలం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. పెడర్సన్ మాత్రం మోతాదు గురించి, తిరగబెడితే ఏం చేయాలన్నదాని గురించి అందరికీ అందేలా రాస్తూ వచ్చారు. బ్రిటన్‌లో 2021లో, అమెరికాలో 2024లో పశువైద్యుల చీటీ మీద ఈ మందు దొరికే దారి ఏర్పడింది. కళ్లకు, మెదడుకు పాకిన జబ్బుకు ఎక్కువ మోతాదు కావాలి, ఎందుకంటే రక్తంలోని మందులో కొంతే అక్కడికి చేరుతుంది.