41 వేల జీఐఎస్ సర్టిఫికెట్: వైజాగ్‌లో చేరొచ్చా?

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈ కోర్సుకి నేను డబ్బు కట్టలేదు. ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఫ్రీ సీటు ఇచ్చి, "చూసి మీకు తోచింది చెప్పండి" అన్నారు. తోచిందే చెప్తున్నా. అందుకే పేరు మాత్రం చెప్పను.

జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాప్‌లు, స్థలాల సమాచారం కలిపి చూసే పద్ధతి), రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో నేలని చదవడం) సర్టిఫికెట్ ఇది. మూడు నెలలు. సిలబస్ మీ వాట్సాప్‌కి వచ్చే ఉంటుంది, దాన్ని ఇక్కడ చదవను. ఫీజు 35 వేలు అంటారు. ఫోన్‌లో ఆ ముక్క వరకే చెప్తారు. 18 శాతం జీఎస్టీ కలిపితే 41,300. నర్సీపట్నం నుంచో పార్వతీపురం నుంచో వచ్చి హాస్టల్లో ఉండేవాళ్ళకి ఆ ఖర్చు అదనం.

ఒక్క క్లాసు మాత్రం అదిరింది. ప్రొజెక్షన్ల క్లాసు, అంటే గుండ్రటి భూమిని చదును మ్యాప్ మీదకి తెచ్చే పద్ధతులు. యూటీఎం అనే పద్ధతిలో భూమిని ఆరేసి డిగ్రీల నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా, విడగొడతారు. మన విశాఖ 44వ జోన్‌లో ఉంటుంది. 84 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటితే 45. ఆ గీత శ్రీకాకుళం జిల్లా లోంచే పోతుంది. శ్రీకాకుళం టౌన్ 44లో, పలాస 45లో. మేడమ్ కావాలనే విశాఖ లేయర్‌కి (మ్యాప్ డేటా పొరకి) 45 పెట్టి చూపించారు. ఆర్కే బీచ్ కాస్తా ఆరు డిగ్రీలు తూర్పుకి జరిగి బంగాళాఖాతం నడుమ తేలింది! ఆ గంట కోసమైతే మళ్ళీ వెళ్తాను.

ఇక నా ఒళ్ళు మండిన విషయం. డేటా. ప్రతి ప్రాక్టికల్‌కీ ఒక ఫోల్డర్ ఇస్తారు. వార్డుల హద్దులు, రోడ్లు, చెరువులు, అన్నీ ముందే సరిచేసి పెట్టినవే. కూరలు తరిగి, వండి, పోపు కూడా పెట్టేసి, మూత తియ్యడం మాత్రం మనకి వదిలారు. నాలుగు బటన్లు నొక్కితే రంగుల మ్యాప్ వచ్చేస్తుంది.

ఉద్యోగంలో అలాంటి ఫోల్డర్ ఎవరిస్తారండీ? భూముల పనిలో మీ చేతికొచ్చేది మడతలు పడ్డ ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) స్కాన్. పాతవాటిలో కొలతలు లింకుల్లో ఉంటాయి. గొలుసుకి 66 అడుగులు, వంద లింకులు. సెంటుకి వెయ్యి చదరపు లింకులు. ఆ కాగితాన్ని ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టాలి, దీన్నే జియోరెఫరెన్స్ చెయ్యడం అంటారు. కూర్చోదు. ఓ మూల కలిస్తే ఇంకో మూల పక్కవాళ్ళ సర్వే నంబర్‌లోకి పోతుంది. గట్టు జరిగిందా, స్కాన్ సాగిందా, జోన్ తప్పు పెట్టారా? అది తేల్చేవాళ్ళకే జీతం ఇస్తారు. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో డ్రోన్లతో భూముల రీసర్వే మొదలైంది. అలాంటి చోట కూర్చుని జీఐఎస్ నేర్పుతూ ఎఫ్ఎంబీ ఊసే ఎత్తకపోతే ఎలా? అడిగాను. "అది అడ్వాన్స్‌డ్ మాడ్యూల్ సార్" అన్నారు. దానికి ఫీజు వేరేనట!

ఇదివరకు డ్రోన్ పైలట్ కోర్సు రివ్యూ చేశాను, గుర్తుందా? అది ఇంకా ఖరీదు. అయినా కిరాయికి డ్రోన్ తిప్పాలనుకునేవాళ్ళకి ఆ డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) సర్టిఫికెట్‌తో పని ఉంది. ఈ కాగితంతో ఏ పని ఉంది? 2019లో సచివాలయాల నోటిఫికేషన్ వచ్చినప్పుడు గ్రామ సర్వేయర్‌కి సివిల్ డ్రాఫ్ట్స్‌మన్, సివిల్ డిప్లొమా, సివిల్ బీటెక్ లాంటివి అడిగారు. మూడు నెలల జీఐఎస్ సర్టిఫికెట్ అడగలేదు.

పైగా సర్టిఫికెటే కావాలంటే డెహ్రాడూన్‌లో ఇస్రో వాళ్ళ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఐఐఆర్ఎస్ ఉంది. ఆన్‌లైన్ ఔట్‌రీచ్ కోర్సులు ఉచితం, హాజరు సరిపోతే సర్టిఫికెట్ కూడా ఇస్తారు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. మ్యాప్‌లు చేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌కి రూపాయి అక్కర్లేదు. ఇంటర్వ్యూకి మీరు చేసిన మ్యాప్ ఒకటి పట్టుకెళ్ళండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది కదా, దానికి ముందూ తర్వాతా కైలాసగిరి మీద పచ్చదనం ఎంత పోయిందో లెక్కగట్టండి. సెంటినెల్-2 ఉపగ్రహం చిత్రాల కోసం వెతక్కండి, అది అప్పటికి ఇంకా ఎగరలేదు. ల్యాండ్‌శాట్-8 ఉంది, అదీ ఉచితమే. మబ్బుల్లేని రోజు దొరకబట్టడానికే మీకు ఓ సాయంత్రం పోతుంది. పోనివ్వండి, ఫోల్డర్లో దొరకని పని అదే.

సివిలో జియాలజీయో చదివి, ఇప్పటికే ఉద్యోగంలో ఉండి, ఫీజు కంపెనీ కడుతుంటే చేరండి. డిగ్రీ అవగానే నాన్నగారి చేత ఈఎంఐ పెట్టించి చేరకండి, నా మాట వినండి.

ఇప్పటికే అడ్వాన్స్ కట్టేశారా? మొదటి రోజే ఒక ఎఫ్ఎంబీ స్కాన్ తీసుకెళ్ళి, "దీన్ని జియోరెఫరెన్స్ చెయ్యడం ఏ వారంలో నేర్పుతారు?" అని అడగండి. వారం చెప్తే కూర్చోండి. అది అడ్వాన్స్‌డ్ మాడ్యూల్ అని అన్నారంటే రసీదు వెనక రీఫండ్ రూల్స్ చిన్న అక్షరాల్లో ఉంటాయి, అవి చదవండి.