పైపుని కళ్లతో కాదు, వేళ్లతో చూడాలి

(చెన్నై మాధవరంలో, సరుకు పికప్‌లు నడుపుకునే తెలుగువాళ్ల సమావేశంలో ఒక మెకానిక్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరు మదనపల్లె టమాటా కోయంబేడులో దించేవాళ్లు, కొందరు నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు తిరిగేవాళ్లు. బొలెరో పికప్, దోస్త్, యోధ, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్, బండి ఏదైనా సరే, నేను మాట్లాడేది బానెట్ కింద ఇంజన్‌నీ రేడియేటర్‌నీ కలిపే రెండు రబ్బరు పైపుల గురించే. పై పైపు, కింద పైపు. టైరు అరిగితే కంటికి కనిపిస్తుంది, బ్రేకు పట్టకపోతే కాలికి తెలుస్తుంది. ఈ పైపులు మాత్రం పగిలిన రోజే గుర్తుకొస్తాయి.

ఇంజన్ వేడిని లాగే ద్రవం కూలెంట్. ఇంజన్లో కాగిన కూలెంట్, వేడెక్కాకే తెరుచుకునే థర్మోస్టాట్ అనే వాల్వు దాటి పై పైపులోంచి రేడియేటర్‌లోకి వస్తుంది. అక్కడ చల్లబడ్డాక కింద పైపులోంచి వాటర్ పంపు దాన్ని లాక్కుని మళ్లీ ఇంజన్లోకి తోస్తుంది. అంటే పై పైపుకి వేడి బాధ, కింద పైపుకి పీల్పు బాధ. పంపు పీల్చినప్పుడు అణగకుండా కొన్ని బళ్లలో కింద పైపు లోపల స్ప్రింగు పెడతారు. పైపు మార్చేటప్పుడు దాన్ని చెత్తలో పారేసే మహానుభావులున్నారు. ఆ బండి ఊళ్లో బాగానే తిరుగుతుంది. హైవే ఎక్కి స్పీడందుకోగానే హీటెక్కుతుంది, ఎందుకో ఎవరికీ అంతుబట్టదు. పాత పైపులో స్ప్రింగుందేమో చూసుకుని, కొత్తదాంట్లోనూ ఉండేట్టు చూడండి.

రేడియేటర్ మూత మీద 0.9 అనో 1.1 అనో రాసుంటుంది. అది బార్ లెక్కన ఒత్తిడి. 100 డిగ్రీలకి మరగాల్సిన నీళ్లు, పైన ఇంకో బార్ ఒత్తిడి పడితే 120 దాకా మరగవు. ఎండాకాలం పుళల్ దగ్గర ట్రాఫిక్‌లో లోడుతో నిలబడ్డప్పుడు, తిరుగు సరుకుతో మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్‌ని కాపాడేది ఆ వెసులుబాటే. కానీ ఆ ఒత్తిడంతా మోసేది ఈ రబ్బరే. వేడి మీద మూత తిప్పితే 100 దాటిన నీళ్లు ఆ క్షణమే ఆవిరై మొహం మీదకి లేస్తాయి. గోనెసంచి కప్పి తిప్పుతామంటారు, గోనెసంచి ఆవిరిని ఆపదు. పై పైపుని చేత్తో పట్టుకుని ఉండగలిగేంతగా చల్లబడేదాకా మూత జోలికి పోవద్దు.

ఇక పైపు ఎట్లా చస్తుందో చెప్తాను. పైన పగుళ్లు వస్తాయని, గట్టిపడి మెరుపు తేలుతుందని మీకు తెలుసు, అది వేడి దెబ్బ. ఇంజన్ ఆయిల్ గానీ డీజిల్ గానీ కారి పడితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. బ్రాకెట్‌కో ఫ్యాను కవరుకో రాసుకుంటే ఒకే చోట అరుగుతుంది. ఇవి మూడూ కంటికి కనిపించే చావులు, వీటితో పెద్ద భయం లేదు.

నాలుగోది కనిపించదు. ఈ పైపుల రబ్బరుని ఈపీడీఎం అంటారు. నల్లగా ఉండటానికి కారణం అందులో కలిపే కార్బన్, అందువల్ల అది కాస్త కరెంటుని పోనిస్తుంది. ఒక పక్క పైపు తొడిగే లోహపు మూతి, ఒక పక్క రబ్బరు, మధ్యలో కూలెంట్. ఇంకేముంది, చిన్న బ్యాటరీ తయారైనట్టే. ఆ చర్య వల్ల పైపు లోపలి గోడ మీద, క్లిప్పుకి దగ్గర్లో, పొడుగునా సన్నటి చీలికలు పడతాయి. కూలెంట్ వాటిలోంచి దూరి మధ్యలో ఉండే దారాల అల్లికని చేరి బలహీనం చేస్తుంది. పైకి చూస్తే పైపు కొత్తదే. ఒక మధ్యాహ్నం ఘాట్‌లో చివర దగ్గర నిలువునా చీలుతుంది.

అందుకే వేళ్లతో చూడమంటున్నాను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పైపు నడుమ ఒకసారి నొక్కండి. తర్వాత క్లిప్పు పక్కనే, రెండంగుళాల లోపల, బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టి నొక్కండి. సంతలో వంకాయ నొక్కి చూసినట్టు. నడుమ గట్టిగా ఉండి చివర మెత్తగా లోపలికి పోతుంటే, వేలి కింద సందులు తగులుతుంటే, ఆ పైపు పని అయిపోయింది. నొక్కితే కరకరమన్నా అంతే. నాలుగు చివరలూ చూడండి. కింద పైపు అందదని వదిలేస్తారు, చెయ్యి దూర్చండి. హీటర్ పైపులు, ఇంజన్ మీదుండే చిన్న బైపాస్ పైపు కూడా ఇదే కూలెంట్ మోస్తాయి, వాటినీ నొక్కండి. టర్బో బండిలో, ఇంజన్‌కి పోయే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి పోయే లావుపాటి పైపు గాలిది, దానికీ కూలెంట్‌కీ సంబంధం లేదు.

వేళ్లు ఇంకో రెండు సంగతులు చెప్తాయి. బండి చల్లారాక పై పైపు చదునుగా అణిగి ఉంటే, మూతలో గాలిని వెనక్కి తీసుకునే వాల్వు పట్టేసింది, మూత మార్చండి చాలు. తెల్లారి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషానికే పై పైపు రాయిలా బిగిస్తే మాత్రం, ఇంజన్ హెడ్ కింద సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ దగ్గర గ్యాసు కూలెంట్లోకి వస్తోందని అనుమానించాలి. దానికి పైపు మార్చి లాభం లేదు.

ఇప్పుడు మీకు నచ్చని మాట. ఆ చీలికలకి మనం పోసే నీళ్లు కూడా కారణమే. మింజూరు వైపు భూమిలోకి సముద్రపు నీళ్లు చొచ్చుకొచ్చి బోర్లు ఉప్పెక్కడం ఈనాటిది కాదు. ఆ పక్కనే కాట్టుపల్లిలో 2010లో సముద్రపు నీటి నుంచి రోజుకి 10 కోట్ల లీటర్ల మంచినీళ్లు తీసే ప్లాంటు పెట్టారంటే ఈ నగరం నీటి గతి అర్థం చేసుకోండి. మనం నోట్లో పోసుకోని బోరు నీళ్లు రేడియేటర్లో పోస్తాం! ఉప్పు నీటిలో కరెంటు బాగా పారుతుంది. పైపు లోపల చీలుతుంది, అల్యూమినియం రేడియేటర్ తినేస్తుంది, సున్నం పేరుకుంటుంది. మనకిక్కడ మంచు గడ్డకట్టదు, కూలెంట్ ఎందుకని కొందరి వాదన. కూలెంట్లో తుప్పు పట్టనివ్వని మందులుంటాయి, మరిగే వేడి కూడా పెరుగుతుంది. కలిపి పోసేదైతే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపండి. బంకులో బ్యాటరీ వాటర్ అని అడిగితే ఇస్తారు. పక్కనే యాసిడ్ డబ్బా కూడా ఉంటుంది, చూసి తీసుకోండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అన్నవి రంగులే, వాటిని బట్టి రకం తేల్చలేం. ఉన్నదేదో తెలియకుండా ఇంకోటి కలపకండి.

మార్చే పని కష్టం కాదు, తొందరపడితేనే కష్టం. కింద టబ్బు పెట్టి, డ్రెయిన్ తిప్పి, కూలెంట్ దించండి. క్లిప్పు వదులు చేశాక పైపు రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తొద్దు. ఇప్పటి రేడియేటర్ల ట్యాంకు ప్లాస్టిక్‌ది, మూతి విరిగిందంటే రేడియేటర్ మొత్తం మార్చాలి. ఎట్లాగూ పారేసే పైపే, బ్లేడుతో పొడుగునా కోసి వలిచేయండి, మూతి మీద గీత పడకుండా. అతుక్కుపోయిన పాత రబ్బరుని శుభ్రంగా గీకి తుడవండి. కొత్త పైపు ఎక్కడానికి గ్రీజు రాసేవాళ్లున్నారు. అది ఈపీడీఎంకి విషం. మూతికి కాస్త కూలెంట్ పూస్తే అదే జారుతుంది.

క్లిప్పు ముందే పైపుకి తొడిగి ఉంచుకోండి. అది కూర్చోవలసిన చోటు మూతి అంచున ఉండే గట్టు దాటాక. గట్టు మీద కూర్చుంటే ఎంత బిగించినా కారుతుంది. క్లిప్పు పట్టీ గాడుల్లోంచి రబ్బరు పైకి పొంగిందంటే అతిగా బిగించినట్టే. వేడెక్కి చల్లారాక స్క్రూ క్లిప్పుని ఒకసారి చూసి, వదులైతే బిగించండి. కంపెనీ స్ప్రింగు క్లిప్పయితే ఆ బాధ లేదు, రబ్బరు కుంగిన కొద్దీ తనే పట్టు సర్దుకుంటుంది. దాన్ని తీసేసి స్క్రూ క్లిప్పు వేయమని నేనైతే చెప్పను. స్పేరు పార్టులు అమ్మే జీపీ రోడ్డులో కొనేటప్పుడు పాత పైపు పట్టుకెళ్లి పక్కన పెట్టి వంపులు సరిచూసుకోండి. వంపుల్లేని తిన్నటి పైపుని వంచి బిగిస్తే మడత పడి దారి మూసుకుంటుంది.

కూలెంట్ నెమ్మదిగా పోయండి. హీటర్ ఉంటే వేడి వైపు పూర్తిగా తిప్పి, మూత తీసే ఉంచి ఇంజన్ నడపండి. పై పైపు వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకున్నట్టు. బుడగలు ఆగేదాకా కొంచెం కొంచెం పోసి మూత పెట్టండి. గాలి లోపలే ఉండిపోతే మళ్లీ హీటే.

దారిలో పగిలితే? ముందు బండి ఆపండి. కూలెంట్ పూర్తిగా పోయినప్పుడు సెన్సార్ గాలిలో తేలి, గేజీ ముల్లు కిందకి పడిపోవచ్చు. ముల్లు దిగిందని సంతోషించి ఇంకో పది కిలోమీటర్లు పోనిచ్చారా, హెడ్ వంగుతుంది. చల్లారాక చూడండి. చీలిక చివర్లో ఉండి, పైపు పొడుగు చాలితే, చీలినమేర కోసేసి మళ్లీ తొడగొచ్చు. నీళ్లు పోసి, మూత మొదటి పట్టు దాకే తిప్పి పెడితే ఒత్తిడి పెరగదు. అట్లా నిదానంగా దగ్గరి షెడ్డుకి చేరొచ్చు. ఇన్సులేషన్ టేపు చుట్టడం కాలయాపనే. సొంతంగా అతుక్కునే సిలికాన్ టేపొకటి, రెండు క్లిప్పులు, ఐదు లీటర్ల డబ్బా సీటు వెనక పడేసి ఉంచండి.

దించిన పాత కూలెంట్‌ని కాలవలో పారబోయకండి, టబ్బులో మూత లేకుండా వదిలేయకండి. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. షెడ్డు దగ్గర కుక్కలు నాకుతాయి, పిల్లలు వేలు పెడతారు. కొంచెం చాలు కిడ్నీలు పోవడానికి. మూతున్న క్యానులో పోసి, పేరు రాసి, పాత ఆయిల్ తీసుకెళ్లేవాళ్లు దీన్ని కూడా తీసుకుంటారేమో అడిగి ఇవ్వండి.