కొత్త మోడెం వచ్చాక నెట్ ఎందుకు నెమ్మదించింది?

శ్రోతలకు నమస్కారం.

మా పిన్ని ఇక్కడే విశాఖలో, ఎంవీపీ కాలనీలో ఉంటుంది. కొడుకు కుటుంబం బెంగళూరులో. ఆమధ్య మోడెం పాడైతే కుర్రాడొకడు వచ్చి కొత్తది బిగించి వెళ్లాడు. వారం తిరక్కుండా పిన్ని నుంచి ఫోన్. "ఒరే, కొత్తది పెట్టిన దగ్గర్నుంచీ మనవడి మొహం ఫొటోలా ఆగిపోతోందిరా. పాతదే నయం!" ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. ఈ టెన్షన్ చాలా ఇళ్లలో ఉన్నదే కాబట్టి, ఆ పూట ఏం చూశానో మీకూ చెబుతాను.

వీధిలోంచి మోడెం దాకా వచ్చే దారి ఒకటి. మోడెం నుంచి మన ఫోన్ దాకా వచ్చే దారి ఇంకొకటి. అడ్డు ఎందులో ఉందో తేలకుండా కస్టమర్ కేర్ వాళ్లతో ఎంత వాదించినా లాభం లేదు. తేల్చుకోవడానికి మిగతా ఫోన్లు, టీవీ వైఫై కాసేపు ఆపేసి, ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా మోడెంకి కలిపి స్పీడ్ టెస్ట్ చేయాలి.

పిన్నిది 200 ఎంబీపీఎస్ ప్లాన్, నెట్ వేగాన్ని కొలిచే లెక్క అది. వైర్ మీద 94 వచ్చింది. మళ్లీ చేశాను, 94. మూడోసారీ అంతే. నాకు అనుమానం అక్కడే వచ్చింది. లైన్‌లో తేడా ఉంటే అంకె సాధారణంగా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఇలా 94 దగ్గర కదలకుండా నిలబడిందంటే, ఎక్కడో లింకు 100కి పడిపోయి ఉంటుంది. లాన్ కేబుల్లో 8 సన్నని తీగలుంటాయి. 100 వేగానికి నాలుగు చాలు, గిగాబిట్‌కి, అంటే 1000 వేగానికి, ఎనిమిదీ కావాలి. కేబుల్ పీకి కిటికీ వెలుతురులో చూస్తే, ప్లగ్గు చివర రెండు పిన్నుల మీద పచ్చటి చిలుము! సముద్రం ఒడ్డున ఉన్న ఊరు మనది. కిటికీ ఊచల్ని తినేసే ఉప్పుగాలి ఇంత చిన్న పిన్నుల్నీ వదల్లేదు. కొత్త క్యాట్ 6 కేబుల్ పెట్టగానే 190 దాటింది. కొన్ని మోడెంలలో పోర్టే 100 వరకు ఉంటుంది, అప్పుడు కేబుల్ మార్చినా ఫలితం ఉండదు. అదీ అడిగి తెలుసుకోండి.

సరే, లైన్ బాగానే ఉందని తేలింది. మరి పడకగదిలో పిన్ని ఫోన్‌కి వస్తున్నది 6 మాత్రమే. పాత మోడెం హాల్లో అలమర పైన ఉండేది. కొత్తదాన్ని టీవీ వెనక కింది అరలో పెట్టారు. దానికీ పడకగదికీ మధ్య ఇనుప బీరువా. వైఫైకి ఇనుమంటే గోడ కన్నా గట్టి అడ్డు. పైగా వైఫైకి 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు, అంటే రెండు దారులు ఉంటే, ఫోన్ 2.4ని పట్టుకుని కూర్చుంది. అది దూరం వెళ్తుంది గానీ, అపార్ట్‌మెంట్‌లో పైవాళ్లవీ కిందవాళ్లవీ అన్నీ అందులోనే గుమిగూడతాయి. 5 గిగాహెర్ట్జ్‌కి వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. మోడెంని మళ్లీ అలమర పైకి ఎక్కించి, రెండింటికీ వేరు వేరు పేర్లు పెట్టి, ఫోన్‌ని 5లోకి మార్చాను. 2.4 తప్పనిసరి అయితే మోడెం సెట్టింగ్స్‌లో 1, 6, 11 ఛానెళ్లలో రద్దీ తక్కువున్నది ఎంచుకోండి.

మోడెం జరిపేటప్పుడు ఒక జాగ్రత్త. వీధిలోంచి మోడెంకి వచ్చే ఫైబర్ తీగను కరెంటు వైరులా మడవకూడదు. లోపల నడిచేది వెలుతురు, మడత దగ్గర అది బయటికి పోతుంది. సోఫా కాలి కింద నలుగుతోందేమో కూడా చూసుకోండి. మోడెం మీద ఎల్ఓఎస్ (సిగ్నల్ అందడం లేదని) అన్నచోట ఎర్ర లైటు వెలిగితే మాత్రం ఇంట్లో తంటాలు పడకుండా వెంటనే ఫిర్యాదు చేయండి. మంచి కేబుల్‌తో, వైర్ మీద కూడా స్పీడ్ రాకపోయినా అంతే. ఏ తేదీన, ఎన్ని గంటలకు ఎంత వచ్చిందో కాగితం మీద రాసి ఉంచుకుంటే, వచ్చినవాళ్లు "మీ ఫోనే స్లో అండీ" అని వెళ్లిపోలేరు.

ఆ సాయంత్రం పడకగదిలోంచే బెంగళూరుకి వీడియో కాల్ కలిపాం. మనవడు ఊడిన పన్ను చూపిస్తానని నోరు తెరిచాడు. పిన్ని కళ్లజోడు సవరించుకుని, కింద వరసలో అది ఎన్నో పన్నో వేలితో లెక్కపెట్టింది.

నమస్కారం.