మైనస్ నలభైలో కరెంటు రాజకీయం: ఎడ్మంటన్ నుంచి

నమస్తే అండి. కెనడాలో అల్బర్టా రాష్ట్ర రాజధాని ఎడ్మంటన్‌లో ఇప్పుడు ఉదయం ఎనిమిదిన్నర. ఇంకా చీకటే. డిసెంబర్ చివర్లో ఇక్కడ సూర్యుడు ఎనిమిదీ యాభై ప్రాంతంలో వస్తాడు, సాయంత్రం నాలుగుంపావుకల్లా వెళ్లిపోతాడు. ఈరోజు బయట మైనస్ 31. ముక్కుతో గాలి పీల్చగానే లోపలి వెంట్రుకలు గడ్డకట్టడం తెలుస్తుంది.

ముందు కారు దగ్గరికి వెళ్దాం. బానెట్ కింద నుంచి వేలాడుతున్న ఈ వైరు చూశారా? ఇది బ్లాక్ హీటర్‌ది. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలు కరెంటు అందితే ఇంజిన్ కాస్త వెచ్చబడి, ఉదయం బండి స్టార్ట్ అవుతుంది. అందుకే ప్లగ్ దగ్గర టైమర్ పెట్టుకుంటాం, రాత్రంతా వేస్తే బిల్లు దండగ. ఈ చలికి వైరు ఎండుకట్టెలా బిగుసుకుపోతుంది, బలంగా వంచకండి. ఇంకోటి, ఇక్కడ గ్లవ్స్ అస్సలు తీయొద్దు. గడ్డకట్టిన ఇనుముకి వేలు అంటుకుపోతుంది.

ఈ వైరు ఇంత వివరంగా ఎందుకు చూపిస్తున్నానంటే, 2024 జనవరి 13 రాత్రి చాలామందిమి దీన్నే పీకేశాం.

ఆ వారం అల్బర్టాలో చలి మైనస్ 40 దాటింది. సాయంత్రం ఆరూ ముప్పావు అవుతుండగా అందరి ఫోన్లూ ఒకేసారి పెద్దగా మోగాయి. ప్రభుత్వ ఎమర్జెన్సీ అలర్ట్: కరెంటు చాలడం లేదు, అవసరం లేనివన్నీ వెంటనే ఆపేయండి, లేకపోతే ప్రాంతాలవారీగా కోత తప్పదు అని. మన దగ్గర అది భోగి ఉదయం. వీడియో కాల్‌లో అమ్మ తెనాలి వీధిలో భోగి మంట చూపిస్తోంది. ఇక్కడ నేను ఓవెన్ ఆపి, హాల్లో లైట్లు తీసేస్తున్నాను. "కరెంటు పోతే చలికాచుకోవడానికి ఏముందే?" అని అమ్మ అడిగింది. ఏమీ లేదు. మా ఇంటి ఫర్నెస్ గ్యాస్‌తోనే నడుస్తుంది, కానీ వేడిగాలిని గదుల్లోకి తోసే ఫ్యాన్‌కి కరెంటు కావాలి. పసిపిల్లలున్న ఇళ్లలో ఆ రాత్రి ఎంత టెన్షన్ పడ్డారో మాకు తెలుసు.

అలర్ట్ వచ్చిన కొద్ది నిమిషాల్లోనే వాడకం 150 మెగావాట్లు పడిపోయింది, ఆ తర్వాత 200 వరకూ తగ్గింది. కోత పడలేదు. పక్క రాష్ట్రం సస్కాచెవాన్ నుంచి కూడా కరెంటు వచ్చింది. ఒకరి ముఖం ఒకరు ఎరగని జనం ఎవరింట్లో వాళ్లు స్విచ్ కట్టేసి ఊరిని కాపాడుకున్నారు. ఈ ప్రాంతం మీద నాకు ప్రేమ కుదిరింది ఆ రాత్రే.

మర్నాడు ఎక్కడ విన్నా రాజకీయమే. ఆ సమయంలో గాలి లేక గాలిమరలు దాదాపు నిలిచిపోయాయి, పొద్దు గూకింది కాబట్టి సోలార్ సున్నా. దాంతో ఒక వర్గం తప్పంతా వాటి మీదే వేసింది. గ్యాస్ ప్లాంట్లు కూడా కొన్ని ఆగిపోయాయి కదా అని రెండో వర్గం నిలదీసింది. ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) డేనియల్ స్మిత్ ప్రభుత్వం 2023 ఆగస్టులోనే కొత్త సోలార్, విండ్ ప్రాజెక్టుల అనుమతులను ఏడు నెలలు ఆపేసింది, కాబట్టి గొడవ అప్పటికే రాజుకుని ఉంది. అదే ఏడాది మే రాష్ట్ర ఎన్నికల్లో ఆమె పార్టీ యూసీపీకి (యునైటెడ్ కన్జర్వేటివ్ పార్టీ) 49 సీట్లు, ప్రతిపక్షం ఎన్‌డీపీకి (న్యూ డెమోక్రటిక్ పార్టీ) 38 వచ్చాయి. ఎడ్మంటన్ నగరంలోని సీట్లన్నీ మాత్రం ఎన్‌డీపీవే. ప్రభుత్వం నడిచే ఊరు ఇదే, ఊరి ఓటు ప్రతిపక్షానికి. ఇక్కడ చమురు, గ్యాస్ మీద బతికే కుటుంబాలు ఎన్నో, మనవాళ్లు కూడా ఉన్నారు. అందుకే ఈ వాదన భోజనాల దగ్గర కూడా వేడిగానే సాగుతుంది.

కొత్తగా వచ్చినవాళ్లకి నా మాట ఒకటి: బిల్లు పూర్తిగా చదవండి. గ్యాస్ బిల్లులో కార్బన్ చార్జ్ (ఇంధనం వాడకం మీద కేంద్రం వేసే రుసుము) అని ఒక లైను ఉండేది, మార్క్ కార్నీ ప్రధాని అయ్యాక 2025 ఏప్రిల్ 1 నుంచి తీసేశారు. దాంతోపాటు బ్యాంకులో పడే రిబేటు కూడా ఆగిపోయింది. వాడింది తక్కువైనా డెలివరీ చార్జీలు మాత్రం ఉంటాయి. "ఏమీ వాడలేదు, ఇంత బిల్లేంటి?" అని కొత్తవాళ్లు కంగారుపడేది అక్కడే.

పీఆర్ (శాశ్వత నివాస హక్కు) మాత్రమే ఉన్నవాళ్లకి ఇక్కడ ఓటు లేదు, పౌరసత్వం రావాలి. నాకు వచ్చింది. షెడ్యూల్ ప్రకారం రాష్ట్ర ఎన్నికలు 2027 అక్టోబర్ 18న. మా గుమ్మంలోకి ఓటడగడానికి ఏ పార్టీవాళ్లు వచ్చినా లోపలికి పిలిచి టీ ఇచ్చి ఒకటే అడుగుతాను: గాలి లేని మైనస్ 40 రాత్రి మా ఫర్నెస్ ఫ్యాన్ తిరగడానికి కరెంటు ఎక్కడి నుంచి తెస్తారు, ఎంతకి ఇస్తారు?