గుండె నాళంలో గార: గీకడమా, పగలగొట్టడమా?

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాను. ఇరవై ఆరేళ్లు క్యాత్‌ల్యాబ్‌లో, అంటే గుండె నాళాలకు యాంజియో చేసి స్టెంట్లు వేసే గదిలో, టెక్నీషియన్‌గా చేసి పోయినేడు రిటైరయ్యాను. మీకు ఏ వైద్యం కావాలో మీ డాక్టరుగారే చెప్పాలి. ఆ తలుపు మూసుకున్నాక లోపల ఏం జరుగుతుందో మాత్రం నేను చెప్పగలను.

యాంజియో మొదలుపెట్టగానే, నాళాలు కనిపించడానికి ఇచ్చే రంగు మందు, డై, ఇంకా ఎక్కించకముందే, కొందరికి తెర మీద రైలు పట్టాల్లా రెండు నల్లటి గీతలు కనిపిస్తాయి. బొమ్మను ఆపి చూసినా చెదరవు. అవి చూడగానే మా సారు, "ఇవాళ భోజనం లేటే" అనేవారు. అది నాళం గోడలో పేరుకున్న కాల్షియం. బోరు నీళ్లకి గీజర్ కాయిల్ మీద గార కడుతుంది చూశారూ, చూడ్డానికి అలాగే ఉంటుంది. కాకపోతే ఇది పైపూత కాదు, గోడలోనే దిగిపోయి ఉంటుంది. వయసు మీదపడిన వాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో, మరీ ముఖ్యంగా డయాలసిస్ చేయించుకునేవాళ్లలో ఎక్కువ.

దానివల్ల నష్టం ఏమిటంటే, నాళాన్ని తెరిచి ఉంచడానికి వేసే జల్లెడ గొట్టం, అదే స్టెంట్, విచ్చుకోదు. ఒక కేసు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఏ ఆసుపత్రో అడక్కండి. నాళాన్ని వెడల్పు చేసే బెలూన్‌ను ఇరవై అట్మాస్ఫియర్ల ఒత్తిడి దాకా ఉబ్బించారు. మీ కారు టైరులో ఉండేది రెండు, రెండున్నర. అయినా బెలూన్ మధ్యలో నొక్కుకుపోయి డమరుకంలా ఉండిపోయింది. స్టెంట్ వేస్తే అదే తెరుచుకుంటుందిలే అని వేసేశారు. అదీ డమరుకంలాగే ఆగింది. కొన్ని నెలలకే ఆ పెద్దాయన మళ్లీ ఛాతీ నొప్పితో వచ్చాడు. సరిగా విచ్చుకోని స్టెంట్లో రక్తం గడ్డకట్టొచ్చు, మళ్లీ పూడిక రావచ్చు. అందుకే గార సంగతి స్టెంట్ వేయకముందే తేల్చుకోవాలి.

గీకే పద్ధతుల్లో పాతది రోటాబ్లేటర్. మేం రోటా అంటాం. తీగ చివర కందిగింజ కన్నా చిన్న బుడిపె, దాని ముందు భాగంలో వజ్రపు పొడి. నిమిషానికి లక్షా నలభై వేల నుంచి లక్షా ఎనభై వేల చుట్లు తిరుగుతుంది. దాన్ని తిప్పేది గ్యాస్ సిలిండర్ ఒత్తిడి. పంటి డాక్టరు దగ్గర వినిపించే కీచు ఉంటుందే, ఆ మోతే. సిలిండర్లో గ్యాస్ ఎంతుందో, చుట్లు ఎంతున్నాయో చూసి చెప్పడం నా పని. చుట్లు ఐదు వేలు పడిపోయాయంటే బుడిపె ఎక్కడో బిగుసుకుంటోందని లెక్క. "సార్, డ్రాప్" అని అరవాలి. సారు వెంటనే వెనక్కి లాగుతారు. ఒక్కోసారి పదిహేను, ఇరవై సెకన్లకు మించి తిప్పరు. మెత్తటి గోడ పక్కకు తప్పుకుంటుంది, గట్టిది అరుగుతుంది. ఆ పొడి ఎర్ర రక్తకణం కన్నా సన్నంగా ఉండి కొట్టుకుపోతుంది. కానీ ఒక్కసారే ఎక్కువ పొడి పడితే రక్త ప్రవాహం మందగిస్తుంది. అప్పుడు అందరికీ టెన్షనే.

ఆర్బిటల్ అని దానికి తమ్ముడు ఒకటుంది. దాని తల గిరగిరా తిరుగుతూ పక్కలకు ఊగుతుంది. అమెరికాలో గుండె నాళాలకు 2013లో అనుమతి వచ్చింది. అక్కడే ఎక్లిప్స్ అనే పెద్ద పరీక్ష చేశారు. 2,005 మంది పేషెంట్లు. కొందరికి ముందు ఆర్బిటల్‌తో గీకి, మిగతావాళ్లకు బెలూన్‌తోనే దారి చేసి, స్టెంట్ వేశారు. ఏడాది తర్వాత ఆ నాళంలో మళ్లీ ఇబ్బంది వచ్చినవాళ్లు గీకినవాళ్లలో 11.5 శాతం, బెలూన్ వాళ్లలో 10 శాతం. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. మిషన్ పక్కనే బతుకు గడిపినవాణ్ణి కదా, ఆ ఫలితం చూసి కాస్త మనసు చివుక్కుమంది. అయితే ఒక మెలిక ఉంది. రెండు పద్ధతులూ కుదురుతాయనుకున్న వాళ్లనే అందులో చేర్చుకున్నారు. బెలూనే దూరని నాళానికి ఆ లెక్క పనికిరాదు. అక్కడ రోటా లాంటిది కావాల్సిందే.

ఇక పగలగొట్టేది షాక్‌వేవ్. కిడ్నీలో రాళ్లను తరంగాలతో పగలగొట్టడం 1980లో మ్యూనిక్‌లో మొదలైంది. అదే ఉపాయాన్ని చిన్న బెలూన్‌లోకి ఎక్కించారు. బెలూన్‌ను నాలుగు అట్మాస్ఫియర్లకే ఉబ్బించి మీట నొక్కితే సెకనుకొకటి చొప్పున పది దెబ్బలు. ఈసీజీ గీత ఎగిరెగిరి పడుతుంది, కొత్తవాళ్లు హడలిపోతారు. గోడలో కాల్షియం పగుళ్లిస్తుంది, తర్వాత స్టెంట్ విచ్చుకుంటుంది. 384 మందితో చేసిన పరీక్ష తర్వాత 2021 ఫిబ్రవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. రోటాతో పోలిస్తే నేర్చుకోవడం తేలిక, అందుకే త్వరగా పాకింది. కానీ ఈ బెలూన్ లావుగా ఉంటుంది, సందు లేకపోతే దూరదు. అప్పుడు ముందు రోటాతో దారి చేసి, తర్వాత దీన్ని పంపుతారు. డబ్బు సంగతీ చెప్పాలి. స్టెంట్ ధరకు 2017లో ప్రభుత్వం కళ్లెం వేసింది. ఈ సామాన్లు స్టెంట్ కన్నా ఎంతో ఖరీదు. బిల్లు చూసి ఇంటివాళ్లు అవాక్కవడం నేను ఎన్నోసార్లు చూశాను.

మరి ఏది మేలు? నన్నడిగితే, ముందు నాళం లోపల కెమెరా పెట్టి చూశారా అని అడుగుతాను. ఓసీటీ అంటారు. గార నాళంలో సగం చుట్టు దాటిందా, మందం అర మిల్లీమీటరు మించిందా, పొడవు ఐదు మిల్లీమీటర్లు మించిందా చూస్తారు. మూడూ ఉంటే మామూలు బెలూన్‌కు లొంగడం కష్టం. అంత లేకపోతే సన్నటి బ్లేడులుండే కటింగ్ బెలూన్‌తోనో, గట్టి బెలూన్‌తోనో పనైపోవచ్చు. ఆ చూపు లేకుండా ఏ మిషన్ తెచ్చినా చీకట్లో బాణమే.

చీటీలు వచ్చాయి. "బైపాస్ చేయించుకుంటే పోదా?" అని ఒకరు. షుగర్ ఉండి చాలా నాళాల్లో బ్లాకులుంటే బైపాసే మెరుగని 2012లో ఫ్రీడమ్ పరీక్ష చెప్పింది. మరణాలు, హార్ట్ అటాక్‌లు తగ్గాయి, పక్షవాతం మాత్రం కొంచెం ఎక్కువ. సర్జన్ని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడమని అడగండి, తప్పేం లేదు.

ఇంకొకరు "పాలు, పెరుగు మానేయాలా?" అని రాశారు. అక్కర్లేదండీ. ఈ కాల్షియం గిన్నెలోంచి వచ్చి అతుక్కున్నది కాదు, ఏళ్ల తరబడి దెబ్బతిన్న గోడ తనలో తాను కట్టుకున్నది. కాల్షియం మాత్రల సంగతి వేరు, అవి డాక్టర్ని అడిగే వేసుకోండి. ఇందాక బ్రేక్‌లో పాలు లేని టీ అడిగి, ముఖం చిట్లించుకుంటూ తాగింది మీరే కదూ?