పెరట్లో హమ్మింగ్‌బర్డ్: జానెడు వెనక్కి జరిగే ఆ క్షణం

(తెర మీద: నిమ్మచెట్టు కొమ్మ చివర చిన్న నల్లటి పిట్ట. తల ఇటు తిప్పుతుంది. గొంతంతా రాణీ రంగులో మెరుస్తుంది.)

చూశారా? ఇప్పటిదాకా బొగ్గులా ఉన్న గొంతు ఎలా మెరిసిందో! ఎడిటింగ్‌లో నేనేమీ చేయలేదు. పిట్ట తల తిప్పింది, అంతే.

నమస్కారం. ఈ పిట్టని ఫోటో ఎలా తీయాలో ఈ వీడియోలో చెప్తాను. ఇది కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో మా ఇంటి పెరడు. ఈ పిట్ట పేరు అన్నాస్ హమ్మింగ్‌బర్డ్. ముక్కు నుంచి తోక దాకా కొలిస్తే 10 సెంటీమీటర్లు. బరువు దాదాపు మన రూపాయి బిళ్లంత. ఈ పసిఫిక్ తీరంలో ఏడాది పొడవునా ఉంటుంది. న్యూజెర్సీ వైపు ఉన్న మనవాళ్లకు కనిపించేది రూబీ త్రోటెడ్ అనే ఇంకో రకం హమ్మింగ్‌బర్డ్. అది వసంతంలో వచ్చి, చలి మొదలయ్యేలోపు మెక్సికో, మధ్య అమెరికా వైపు వెళ్లిపోతుంది.

ఇండియా నుంచి చూస్తున్నవాళ్లకు ఒక మాట. మన మందారాల మీద వాలేది తేనెపిట్ట. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా లేవు. తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ పట్టుకుని తేనె తాగుతుంది. ఇది గాల్లో నిలబడి తాగుతుంది. ఫోటోకి కష్టమంతా అక్కడే ఉంది.

(తెర మీద: మసకబారిన ఫోటోలు వరసగా.)

మొదటి ఏడాది నేను తీసినవి ఇవి. కెమెరా పట్టుకుని పిట్ట వెంట తిరిగేవాణ్ణి. అది ఫీడర్ (పిట్టల కోసం పంచదార నీళ్లు పోసి వేలాడదీసే ప్లాస్టిక్ డబ్బా) దగ్గరకు రాగానే నొక్కేవాణ్ణి. ముక్కు ఫీడర్ లోపల, తల సగం ప్లాస్టిక్ వెనకాల.

ఆ వేసవిలో అమ్మ రాజమండ్రి నుంచి వచ్చింది. రోజూ పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వెనక మెట్ల మీద కూర్చునేది. నాలుగో రోజో ఐదో రోజో, "అది తాగాక జానెడు వెనక్కి జరిగి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ ముందుకొస్తోందిరా. నువ్వేమో అది మూతి పెట్టినప్పుడు తీస్తున్నావు" అంది.

(తెర మీద: స్లో మోషన్. పిట్ట తాగుతుంది, వెనక్కి జరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ వస్తుంది.)

ఇదిగో, చూడండి. తాగింది... వెనక్కి... ఆగింది. ఆ ఆగిన చోట చుట్టూ ఏ అడ్డూ లేదు. మనకు కావలసిన ఫోటో అదే. పిట్ట వెంట పడాల్సిన పని లేదు. అది ఎక్కడ ఆగుతుందో అక్కడ కెమెరా కాచుకుని ఉండాలి.

మా ఫీడర్‌కి నాలుగు రంధ్రాలు. మూడింటికి టేపు వేశాను. ఇక అది ఒక్క వైపు నుంచే తాగాలి. కూర్చోవడానికి ఇచ్చిన కడ్డీ కూడా తీసేశాను, లేకపోతే హాయిగా కూర్చుని తాగేస్తుంది. తర్వాత ఒక అగరుబత్తి పుల్లను రంధ్రానికి జానెడు దూరంలో పట్టుకోమని ఇంట్లో ఎవరినైనా అడగండి. ఆ పుల్ల మీద ఫోకస్ చేసి, ఆ ఫోకస్ దానంతట అది మారకుండా లెన్స్‌ని మాన్యువల్‌లోకి మార్చేయండి. కెమెరా ట్రైపాడ్ మీద, ఫీడర్‌కి పక్కగా, మూడు నాలుగు మీటర్ల దూరంలో పెట్టండి. 300 లేదా 400 మిల్లీమీటర్ల లెన్స్ అయితే చాలు. ఈ మధ్య కెమెరాలు పక్షి కన్నుని వాటంతట అవే పట్టుకుంటున్నాయి. అది ఉన్నా సరే, ఇంత చిన్న పిట్టకి నాకు పుల్ల మీదే నమ్మకం.

వెనక ఏముందో కూడా చూసుకోండి. నేను మొదట ఫీడర్‌ని చెక్క కంచెకి దగ్గరగా వేలాడదీశాను. ప్రతి ఫోటోలో పిట్ట వెనకాల చెక్క గీతలే. ఇప్పుడు పెరటి మధ్యలో ఇనుప కడ్డీకి కట్టాను. వెనక చెట్లు ఏడెనిమిది మీటర్ల దూరంలో ఉన్నాయి, అందుకే నేపథ్యం మెత్తటి ఆకుపచ్చగా కరిగిపోయింది.

(తెర మీద: ఒకే పిట్ట, మూడు షట్టర్ వేగాలు.)

ఇప్పుడు రెక్కలు. ఇది గాల్లో నిలబడి ఉన్నప్పుడు సెకనుకు 40 నుంచి 50 సార్లు రెక్కలు ఆడిస్తుంది. ఒక్కో రెక్క దాదాపు 5 సెంటీమీటర్లు. లెక్క వేస్తే రెక్క కొస సెకనుకు సుమారు 9 మీటర్లు ప్రయాణిస్తోంది. షట్టర్, అంటే కెమెరా వెలుగుని లోపలికి వదిలే సమయం, సెకనులో 500వ వంతు పెడితే, ఆ కాస్త సమయంలోనే కొస దాదాపు 2 సెంటీమీటర్లు కదిలిపోతుంది. ఫోటోలో రెక్క ఉండాల్సిన చోట పొగ కనిపిస్తుంది. 2000వ వంతులో కదలిక అర సెంటీమీటర్ లోపే. 4000వ వంతులో రెండు మిల్లీమీటర్ల పైచిలుకు.

నేను 2000 దగ్గరే ఉంటాను. రెక్క కొసలు కాస్త చెదిరితేనే అది ఎగురుతున్నట్టు ఉంటుంది. పూర్తిగా బిగుసుకుపోయిన రెక్కలు నాకు అద్దాల పెట్టెలో పెట్టిన బొమ్మలా అనిపిస్తాయి. అదీగాక, రెక్క ముందుకొచ్చి వెనక్కి తిరిగే చోట లిప్తపాటు నెమ్మదిస్తుంది. వరసగా ఇరవై ఫోటోలు లాగితే అందులో ఒకటో రెండో అక్కడ పడతాయి.

రెక్కలు పూర్తిగా ఆగిపోవాలంటే ఫ్లాష్ కావాలి. పవర్‌ని 16వ వంతుకో 32వ వంతుకో తగ్గిస్తే వెలుగు సెకనులో 10,000వ వంతు లేదా అంతకన్నా తక్కువ సేపు ఉంటుంది. డ్యూపాంట్ కంపెనీ ప్రెసిడెంట్‌గా ఉన్న క్రాఫోర్డ్ గ్రీన్‌వాల్ట్ 1950లలో ఇలాంటి వేగమైన ఫ్లాష్‌తోనే హమ్మింగ్‌బర్డ్‌లను తీశారు.

ఫోన్ ఒక్కటే ఉందా? స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు పెట్టి, ఫీడర్‌కి రెండడుగుల దూరంలో స్టాండ్ మీద ఉంచి, మీరు పక్కకు రండి. ఒక్కో రెక్క ఊపుకి ఐదారు ఫ్రేములు వస్తాయి. ఇందాక చూపించిన వీడియో అలా తీసిందే.

(తెర మీద: మొదటి నిమ్మకొమ్మ మళ్లీ.)

ఇక గొంతు. ఆ రాణీ రంగు మగపిట్టది. ఆడపిట్టకి గొంతు మధ్యలో చిన్న మచ్చ మాత్రం ఉంటుంది. ఈ మెరుపు రంగుపొడి వల్ల వచ్చేది కాదు. ఈకల్లో ఉండే అతి సన్నని పొరలు వెలుగుని ఒక కోణంలోనే వెనక్కి పంపుతాయి. ఆ కోణం తప్పితే నలుపే. కాబట్టి పొద్దున గానీ సాయంత్రం గానీ, ఎండ మీ వీపు మీద పడేలా కూర్చోండి. మగపిట్ట తన ఫీడర్‌కి కాపలా కాయడానికి ఒకే కొమ్మని ఎంచుకుంటుంది, రోజూ అక్కడికే వస్తుంది. మా ఇంట్లో అది నిమ్మచెట్టు పైకొమ్మ. కెమెరా దానికి గురిపెట్టి ఉంచండి. అది అటూ ఇటూ చూస్తూనే ఉంటుంది, ఏదో ఒకసారి మీ వైపు చూస్తుంది.

(తెర మీద: వంటగదిలో గ్లాసు, పంచదార డబ్బా.)

ఇది మాత్రం శ్రద్ధగా వినండి. ఒక గ్లాసు పంచదారకి నాలుగు గ్లాసుల నీళ్లు. కరిగించి, చల్లార్చి పోయండి. బెల్లం వద్దు, తేనె వద్దు, ఎర్ర రంగు అసలే వద్దు. ఎండాకాలం రెండు రోజులకోసారి మార్చి, వేడినీళ్లతో కడగాలి. ఒక ఆగస్టులో మేం నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి నీళ్లు మసకబారి, రంధ్రం చుట్టూ నల్లటి బూజు పట్టింది. ఆ నీళ్లే తాగిందేమోనని నాకు రాత్రంతా టెన్షన్. ఇప్పుడు ఊరెళ్తే ఫీడర్ దించేసే వెళ్తున్నాను. నాలుగు సాల్వియా పూల మొక్కలు కూడా పెట్టాను. మేం లేనప్పుడు అవే ఆధారం.

ఫీడర్ కిటికీకి మీటరు లోపల ఉండాలి, లేదా పది మీటర్ల దూరంలో ఉండాలి. ఆ మధ్యలో ఉంటే వేగంగా వచ్చి అద్దానికి కొట్టుకుంటుంది.

గూడు కనిపిస్తే దగ్గరకు వెళ్లకండి. ఇక్కడ డిసెంబర్ నుంచే కడుతుంది, సాలెగూడు పోగులతో, అక్రోటు కాయంత. లోపల రెండు గుడ్లు. బాగా కనిపించాలని అడ్డొచ్చిన కొమ్మ నరికితే ఎండకీ కాకులకీ ఆ పిల్లల్ని అప్పగించినట్టే. గుడ్లో పిల్లలో ఉన్న గూటిని కదిలించడం 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం నేరం కూడా.

(తెర మీద: ఒకే ఫోటో. గాల్లో ఆగిన పిట్ట, వెనక మెత్తటి ఆకుపచ్చ.)

అమ్మ తిరిగి వెళ్లాక వచ్చిన ఫోటో ఇది. వాట్సాప్‌లో పంపాను. పెద్దది చేసి చూసినట్టుంది, వెంటనే ఫోన్ చేసింది. "నాలుక ఇంకా లోపలికి తీసుకోలేదురా" అంది. వారం రోజులుగా చూస్తున్నాను, నాకు కనిపించలేదు.

(తెర మీద: ఫోటో నెమ్మదిగా దగ్గరవుతుంది. ముక్కు కొసన వెంట్రుకంత తెల్లటి గీత.)

ఇదిగో, ఇక్కడ.