యువజనోద్యమాలు నేర్పిన చదువు

సభకు నమస్కారం.

యువజనోద్యమం అనగానే ఊరేగింపులు, నినాదాలు, అరెస్టులు మనసులో మెదులుతాయి. ఆ ఉద్యమాల లోపల సాగిన చదువు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నేను ఈ రోజు దాని గురించే మాట్లాడతాను. తమ నిర్ణయాలు తామే తీసుకున్నప్పుడే యువత నిజంగా నేర్చుకుంటుందన్నది నా వాదన.

మొదటి అడుగు లండన్‌లో పడింది. ఊళ్లు విడిచి నగరం చేరిన కుర్రాళ్లు దుకాణాల్లో పొద్దస్తమానం పనిచేసి, వాటి పైగదుల్లోనే పడుకునే కాలం. బట్టల దుకాణంలో పనిచేసే జార్జ్ విలియమ్స్ 1844లో తోటివారిని కూడగట్టి వై.ఎం.సి.ఎ. అనే యువకుల క్రైస్తవ సంఘాన్ని స్థాపించాడు. అప్పటికి అతనికి 22 ఏళ్లు. ప్రార్థనలతో మొదలైన ఆ సంఘం తర్వాత గ్రంథాలయాలు, ఉపన్యాసాలు, సాయంత్రపు తరగతుల దాకా పెరిగింది.

బెర్లిన్ పక్కన స్టెగ్లిట్స్‌లో కథ మరోలా నడిచింది. అక్కడి పిల్లలకు షార్ట్‌హ్యాండ్ నేర్పుతున్న హెర్మన్ హాఫ్‌మన్ అనే విద్యార్థి 1896 నుంచి వారిని కాలినడకన పల్లెల్లోకి, అడవుల్లోకి తీసుకువెళ్లసాగాడు. 1901లో అది వాండర్‌ఫోగెల్, అంటే సంచార పక్షి, అనే సంఘమైంది. వీపున సంచి, అందులో వంటగిన్నె, భుజాన గిటారు; రాత్రి ఏ రైతు కొట్టంలోనో నిద్ర. మరుగున పడుతున్న జానపద గీతాలను ఏరి తెచ్చి పాడుకునేవారు. 1913 అక్టోబరులో ఇలాంటి సంఘాల యువత రెండువేల మందికి పైగా మైస్నర్ కొండ మీద కలిసి, తమ జీవితాన్ని తామే నిర్ణయించుకుంటామని, దానికి తామే జవాబుదారీగా ఉంటామని ప్రకటించారు. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. వారిలో ఎంతోమంది తిరిగి రాలేదు.

ఈ లోపు ఇంగ్లండులో 1907 ఆగస్టున, తర్వాత స్కౌటు ఉద్యమాన్ని స్థాపించిన సైన్యాధికారి బేడెన్ పవెల్ సుమారు 20 మంది పిల్లలతో బ్రౌన్‌సీ దీవిలో శిబిరం పెట్టాడు. ఖరీదైన బడుల పిల్లలు, కార్మికుల పిల్లలు ఒకే గుడారంలో పడుకున్నారు. పిల్లలను నాలుగు దళాలుగా విడదీసి, ఒక్కో దళాన్ని వారిలోనే ఒకడికి అప్పగించారు. రాత్రిపూట ఒక దళం పిండి, బంగాళాదుంపలు, మాంసం తీసుకుని శిబిరానికి దూరంగా వెళ్లి, సొంతంగా వండుకుని, కాపలా కాసేది. స్కౌటు ఉద్యమానికి ప్రాణం ఈ దళ పద్ధతే అని నా నమ్మకం. యూనిఫారం, బ్యాడ్జీలు దాని తర్వాతే.

అయితే ఇక్కడొక చేదు నిజం ఉంది. 1933లో జర్మనీలో నాజీలు చాలా స్వతంత్ర యువజన సంఘాలను రద్దు చేసి, వాటి గుడారాలు, పాటలు, నెగళ్లు మాత్రం ఉంచుకున్నారు. 1936లో చట్టం చేసి యువతనంతా తమ పార్టీ యువజన సంఘమైన హిట్లర్ యూత్ కిందికి తెచ్చారు. 1939లో చేరడం తప్పనిసరి చేశారు. యువతను యువతే నడపాలన్నది వారి నినాదం కూడా. దళనాయకుడు పదహారేళ్లవాడే కావచ్చు, ఆజ్ఞ మాత్రం పైనుంచి వచ్చేది. కాబట్టి నాయకుడి వయసు చూసి మోసపోకూడదు. ఆ పిల్లలు గమ్యాన్ని ప్రశ్నించగలరా, కాదనగలరా అని చూడాలి.

దీనికి పూర్తి వ్యతిరేకంగా నిలిచినవి 1964 వేసవిలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో నల్లజాతి పిల్లల కోసం వెలసిన స్వేచ్ఛా పాఠశాలలు. వీటిని ప్రతిపాదించిన చార్లెస్ కాబ్ తానే ఒక యువ కార్యకర్త. పాఠాలు చెప్పినవారిలో ఎక్కువమంది కళాశాల విద్యార్థులు. చర్చిల్లో, చెట్ల కింద నడిచిన 40 దాకా బడుల్లో రెండువేల మందికి పైగా చదివారు. అక్కడి పాఠ్యప్రణాళికలో నాకు ఎంతో ఇష్టమైనవి కొన్ని ప్రశ్నలు. తెల్లవారి దగ్గర ఉన్నవాటిలో మనకు కావలసింది ఏది? అక్కర్లేనిది ఏది? మన దగ్గర ఉన్నదాంట్లో నిలుపుకోవలసింది ఏది? వీటికి జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు, తమ జీవితాన్ని తవ్వి తీయాలి. పిల్లలు సొంత పత్రికలు వెలువరించారు. ఆగస్టులో మెరిడియన్ పట్టణంలో ప్రతినిధులుగా కలిసి ఇళ్లు, వైద్యం, చదువు, ఉద్యోగాల మీద చర్చించి తీర్మానాలు చేశారు. అప్పటికి వారి తల్లిదండ్రుల్లో చాలామందికి ఓటు నమోదే గగనం.

నా వాదనకు సులభంగా లొంగని ఉదాహరణ క్యూబా. 1961లో సుమారు లక్షమంది యువతీయువకులు లాంతరు, వాచకం పట్టుకుని పల్లెలకు వెళ్లారు. పగలు రైతులతో పొలం పని, రాత్రి వారికి అక్షరాలు. ఆ ఏడాది ఏడు లక్షల మంది చదవడం నేర్చారు. పిలుపు ప్రభుత్వానిది, వాచకం నిండా దాని రాజకీయమే. అయినా తండ్రి వయసున్న, అక్షరం రాని రైతు వేలు పట్టుకుని అతని పేరు రాయించిన పదిహేనేళ్ల పట్నం పిల్ల అక్కడ నేర్చుకున్నది ఆ వాచకం కంటే ఎక్కువ. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం చేయాలో చెప్పడానికి పై అధికారి ఎవరూ ఉండరు కదా.

మీలో చాలామంది యువజన బృందాలు నడుపుతున్నారు. వచ్చే శిబిరానికి జమాఖర్చుల పుస్తకం పిల్లల చేతికే ఇవ్వండి. ఎక్కడికి వెళ్లాలో, ఏం వండాలో, డబ్బు చాలకపోతే ఏది మానుకోవాలో వారినే తేల్చుకోనివ్వండి. మీ ప్రతిపాదన ఓటింగులో వీగిపోయే సమావేశం ఒక్కటైనా జరగనివ్వండి.